దెబ్బకూ దెబ్బకూ మధ్య

చెడుగుడు ఆటలో ఎప్పుడూ బలవంతుడే గెలుస్తాడా? గెలవడు. కూతకు వెళ్ళినవాడి బలమంతా గుక్క ఉన్నంతసేపే. ఆ గుక్క తెగేలోగా అవతలివాళ్ళను తాకి, గీత దాటి ఇవతలికి రావాలి. ఇప్పటి కబడ్డీ పోటీలలో గుక్కకు తోడు గడియారం కూడా ఉంటుంది. ఒక్కొక్క కూతకు 30 సెకండ్లే గడువు. ఆ గడువు తీసేస్తే ఆటలో పస ఉండదు. పట్టేవాళ్ళు ఎప్పుడు మీద పడాలో, కూతగాడు ఎప్పుడు వెనక్కు తిరగాలో నిర్ణయించేది కండబలం ఒక్కటే కాదు, కాలం కూడా.

కంప్యూటరు మీదా, సెల్‌ఫోను మీదా మీరు ఆడే యుద్ధాల ఆటలకు కూడా ఇదే సూత్రం. పక్కన కూర్చుని చూసే పెద్దవాళ్ళకు అది ఉత్త మీటలు నొక్కే పనిలా కనబడవచ్చు. కాని ఆ నొక్కుళ్ళ వెనక చాలా లెక్క ఉన్నది. రెండు ఆటలలో బొమ్మలు ఒకే అందంగా ఉండవచ్చు. అయినా ఒకదానిలో కత్తి దూస్తే నిజంగా మీరే దూసినట్టుంటుంది, రెండోదానిలో బురదలో కర్ర తిప్పినట్టుంటుంది. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది?

ఇంటర్నెట్టు ద్వారా ఎందరో కలిసి ఆడే రోల్ ప్లేయింగ్ ఆటలను చూడండి. నాటకంలో లాగా వీటిలో ప్రతివాడూ ఒక పాత్ర ధరిస్తాడు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మాంత్రికుడు, ఇంకొకడు గాయాలు మాన్పేవాడు. అందరూ కలిసి ఒక రాక్షసుణ్ణి ఎదిరిస్తారు. ఇలాటి ఆటలకు మూలపురుషుడనదగ్గ ఆట 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు, రిచర్డ్ బార్టిల్ అనే మరో విద్యార్థి దాన్ని పెంచాడు. దాని పేరు మడ్. అందులో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. తరవాత 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాటి బొమ్మల ఆటలు వచ్చి లోకమంతా పాకాయి.

ఈ ఆటలలో ప్రతి అస్త్రానికీ మూడు కాలాలుంటాయి.

మొదటిది మంత్రం చదివే కాలం. మాంత్రికుడు నిప్పుబంతి విసరాలంటే రెండు మూడు సెకండ్లు కదలకుండా నిలబడి మంత్రం పూర్తిచెయ్యాలి. మధ్యలో శత్రువు కొడితే ఆ మంత్రం చెడిపోవచ్చు, లేదా ఆలస్యం కావచ్చు. కనక చూసేవాడికి, "పూర్తి చేస్తాడా, చెయ్యడా?" అని ఆత్రంగా ఉంటుంది.

రెండోది దెబ్బ తగిలే క్షణం. కత్తి తగలగానే కొన్ని ఆటలలో బొమ్మ సెకండులో పదోవంతు కన్న తక్కువసేపు ఆగిపోతుంది. అది ఆగినట్టు మీకు తెలియనే తెలియదు. కాని ఆ చిన్న ఆగుడుతోపాటు టంగుమని చప్పుడు వినబడితే, "గట్టిగా తగిలింది!" అని మనసుకు తోస్తుంది. ఆ ఆగుడు తీసేస్తే అదే కత్తి గాలిలోనుంచి పోయినట్టుంటుంది.

మూడోది తిరిగి కూడదీసుకునే కాలం. ఒక అస్త్రం వాడాక దాన్ని మళ్ళీ వాడడానికి కొంతసేపు ఆగాలి. ఇది మనకు కొత్త సంగతి కాదు. భారతంలో కర్ణుడి దగ్గిర ఇంద్రుడిచ్చిన శక్తి ఉన్నది. దానికి తిరుగులేదు, కాని ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఆ శక్తిని కర్ణుడు ఘటోత్కచుడి మీద వెయ్యవలసివచ్చింది. శక్తి ఎన్నిసార్లయినా పనిచేసేదయితే ఆ కథలో ఉత్కంఠ ఏముంటుంది? "ఇప్పుడే వాడనా, దాచుకోనా?" అన్న ప్రశ్న ఉంటేనే ఆయుధానికి విలువ.

ఒక్కొక్క అస్త్రానికి ఉండే ఈ ఆగుడుగాక, ఏ అస్త్రం వేసినా తప్పని చిన్న విరామం ఇంకొకటి ఉంటుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇది మామూలుగా 1.5 సెకండ్లు. 2013లో కొత్త రూపంతో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14లో మామూలుగా 2.5 సెకండ్లు. ఈ విరామం వల్ల ఆటకు ఒక తాళం ఏర్పడుతుంది. కోలాటంలో కర్రలు తాళానికి తగులుతాయే, అలాటిదన్నమాట. కోలాటం ఆడేవాడు దెబ్బ పడే క్షణం దాకా ఆగి అప్పుడు చెయ్యి ఎత్తడు, కాస్త ముందే ఎత్తుతాడు. ఆటలు తయారుచేసేవాళ్ళు దీన్ని కూడా గమనించారు. వార్‌క్రాఫ్ట్‌లో విరామం ఇంకా 0.4 సెకండు ఉందనగా మీట నొక్కినా, కంప్యూటరు దాన్ని జ్ఞాపకం పెట్టుకుని సమయానికి అమలు చేస్తుంది.

ఇక శత్రువు సంగతి. 1957లో వచ్చిన "మాయాబజార్" చూశారా? దాని నిర్మాతలలో ఒకరైన చక్రపాణి తెనాలివారు. అందులో అభిమన్యుడూ, ఘటోత్కచుడూ తలపడినప్పుడు ఒకరు వేసిన ఆయుధానికి రెండోవారు ఎదురు వేస్తారు. ఆయుధం వస్తున్నట్టు మనకు ముందుగా కనబడుతుంది కనకనే, "ఇప్పుడేం చేస్తాడో!" అనుకుంటాం. చెప్పకుండా వచ్చిపడే దెబ్బలో ఆశ్చర్యం ఉంటుంది గాని పోరాటం ఉండదు. అందుకే ఆటలోని రాక్షసుడు కూడా కొట్టబోయేముందు గద పైకి ఎత్తుతాడు. లేదా దెబ్బ పడే చోట నేల ఎర్రబడుతుంది. ఆ హెచ్చరిక ఎంతసేపు ఉండాలన్నదే అన్నిటికన్న కష్టమైన లెక్క.

ఆ లెక్క మనమే వేసి చూద్దాం. రాక్షసుడు గద ఎత్తి దించడానికి అర సెకండు, అంటే 0.5 సెకండు పడుతుందనుకోండి. మన కన్ను దాన్ని చూసి, మెదడు గ్రహించి, వేలు కదలడానికి సుమారు 0.25 సెకండు కావాలి. ఇంకా 0.25 సెకండు మిగులుతుంది. చాలదూ? ఆట మీ ఫోనులోనే జరిగితే చాలు. కాని ఇంటర్నెట్టు ఆటలో తీర్పు చెప్పేది మీ ఫోను కాదు, ఎక్కడో దూరాన ఉన్న సర్వరనే పెద్ద కంప్యూటరు. గద లేచిన వార్త అక్కడినుంచి మీ దగ్గిరికి రావాలి. మీరు తప్పుకున్న వార్త మళ్ళీ అక్కడికి చేరాలి.

అమృతలూరులో ఒక కుర్రవాడు ఆడుతున్నాడనుకుందాం. సర్వరు సింగపూరులో ఉన్నది. దూరం ఇంచుమించు 3,000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కనక పోయి రావడానికి 0.03 సెకండు చాలాలి. కాని తీగలు తిన్నగా పోవు. దారిలో ఎన్నో యంత్రాలు వార్తను అందుకుని ముందుకు పంపుతాయి. అందుచేత 0.1 సెకండు దాకా పట్టవచ్చు. అయినా కుర్రవాడు తప్పుకోగలడు.

అదే సర్వరు న్యూయార్కులో ఉంటే? దూరం 13,000 కిలోమీటర్లకు పైమాటే. ఉత్త లెక్క ప్రకారమే పోయి రావడానికి 0.13 సెకండు. నిజానికి 0.25 సెకండు సులభంగా అవుతుంది. చేతికి 0.25, తీగకు 0.25. గద పడనే పడింది! కుర్రవాడి అద్దంలో వాడు తప్పుకున్నాడు, సర్వరు లెక్కలో తప్పుకోలేదు. "నేను తప్పుకున్నాను, అయినా దెబ్బ తగిలింది!" అని వాడు అరిస్తే, తల్లిదండ్రులు సాకు చెబుతున్నాడనుకోరాదు. వాడు చూసింది నిజమే. న్యూయార్కులో ఉన్న కుర్రవాడు వీడికన్న తెలివైనవాడు కానక్కర్లేదు, గద్దెకు దగ్గిరగా కూర్చున్నాడు, అంతే.

ఈ అన్యాయాన్ని తగ్గించడానికి అనేక ఉపాయాలున్నాయి. ఒకటి, సర్వర్లను ఆడేవాళ్ళకు దగ్గిరగా పెట్టడం. రెండు, మీట నొక్కగానే మీ అద్దంలో కత్తి వెంటనే కదిలేట్టు చేసి, తీర్పు తరవాత చెప్పడం. మీట నొక్కినప్పుడు 0.1 నుంచి 0.2 సెకండ్ల లోపల యంత్రం జవాబు ఇవ్వాలని రాబర్ట్ మిల్లర్ 1968లోనే రాశాడు. అంతకన్న ఆలస్యమైతే ఆ పని మన చేత్తో చేసినట్టు తోచదు. మూడు, సర్వరు కొంచెం వెనకటి క్షణాన్ని గుర్తుంచుకుని, "వీడు మీట నొక్కినప్పుడు వీడికి కనబడినదేమిటి?" అని చూసి తీర్పు చెప్పడం. తుపాకీ ఆటలలో ఇది ఎట్లా చెయ్యాలో వాల్వ్ కంపెనీలోని యాన్ బెర్నియర్ 2001లో వివరించాడు. కాని దీనిలోనూ ఒక చిక్కున్నది. గోడచాటుకు చేరినవాడు, "చాటుకు వచ్చాక గుండు తగిలిందే!" అని లబలబలాడతాడు. నాలుగు, ఆట తాళాన్నే కాస్త నిదానం చెయ్యడం. అప్పుడు దూరంవాడికి న్యాయం జరుగుతుంది గాని, దగ్గిరవాడికి ఆట బరువుగా తోస్తుంది. ఒకరికి పూర్తి న్యాయం చెయ్యబోతే రెండోవాడికి కొంత తగ్గుతుంది. మంచి ఆట అంటే ఈ తూకం బాగా కుదిరిన ఆట.

ఇంకో రకం ఆగుడు గురించి పిల్లలూ, పెద్దలూ కూడా తెలుసుకోవాలి. కొన్ని ఆటలలో, "ఈ పని పూర్తికావడానికి 8 గంటలు ఆగు, లేదా డబ్బు కట్టు," అంటారు. సెకండున్నర ఆగుడు మిమ్మల్ని ఆలోచింపజేస్తుంది. ఎనిమిది గంటల ఆగుడు మీ ఓపికను బేరం పెడుతుంది. ఆగినంతసేపూ మీరు ఏదన్నా నిర్ణయించుకుంటున్నారా, లేక ఊరికే విసుక్కుంటున్నారా? ఈ ప్రశ్న వేసుకుంటే ఏది ఆట కోసం పెట్టిన గడువో, ఏది మీ జేబు కోసం పెట్టినదో తెలిసిపోతుంది.

చివరకు ఒక చిన్న ప్రయోగం. దీనికి ఫోను అక్కర్లేదు, 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. అమ్మనో, అన్ననో స్కేలును నిలువుగా, సున్నా అంకె కిందికి ఉండేట్టు పట్టుకోమనండి. మీరు బొటనవేలూ, చూపుడువేలూ సున్నా దగ్గిర తెరిచి ఉంచండి, స్కేలును తాకకూడదు. వాళ్ళు చెప్పకుండా వదలగానే పట్టుకోండి. వేళ్ళు 10 సెంటీమీటర్ల దగ్గిర పడితే మీకు 0.14 సెకండు పట్టిందన్నమాట. 15 అయితే సుమారు 0.17. 20 అయితే 0.20. 30 అయితే 0.25. పదిసార్లు చేసి సగటు తియ్యండి. అటుతరవాత ఇంట్లో అందరిచేతా చేయించి, ఎవరి లెక్క ఎంతో కాగితం మీద రాయండి. ఈసారి ఆటలో దెబ్బ తగిలినప్పుడు అందులో మీ చేతి వాటా ఎంతో, తీగ వాటా ఎంతో మీరే చెప్పగలుగుతారు.