కంపెనీ క్వార్టర్.. గదికో ప్లాన్!

2021 ఫిబ్రవరి. గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు గది. స్టూలు మీద ల్యాప్‌టాప్, మంచం అంచున నేను, నా వెనక కిటికీ. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కెమెరా ఆన్ చేయగానే అవతలి మేడమ్ అన్న మొదటి మాట.. ‘మీ ముఖం కనిపించట్లేదు, లైట్ వేసుకుంటారా?’

స్విచ్‌బోర్డు కిందే బాపు పడుకుని ఉన్నాడు, నైట్ షిఫ్ట్ దిగి వచ్చి. లోపలి గదిలో చెల్లె ఆన్‌లైన్ క్లాసు. నేను లైట్ వేయలేదు. పది నిమిషాలు గడవకముందే వంటింట్లోంచి కుక్కర్ కూత. ఆ ఉద్యోగం రాలేదు. తప్పంతా గదిదే అని చెప్పను, ఎస్‌క్యూఎల్ ప్రశ్న దగ్గర నీళ్లు నమిలింది నేనే. కానీ బీటెక్ అయ్యి రెండేళ్లు కావస్తున్నా ఇంట్లో నాకంటూ ఒక మూల లేదని ఆ రోజే అర్థమైంది.

రామగుండం, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, మందమర్రి.. మీరు ఏ క్వార్టర్‌లో కూర్చుని ప్రిపేరవుతున్నా పరిస్థితి కాస్త అటూ ఇటూగా ఇదే కదా! ఇల్లు సర్దడం, అలంకరించడం అంటే డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకుంటాం. పైగా ‘మన సొంతిల్లు కాదు కదా’ అని వదిలేస్తాం. నేనూ అట్లే అనుకున్నా. తర్వాత 3 నెలల్లో గది తర్వాత గది సర్దుకుంటూ వెళ్లాను. అయిన ఖర్చు రూ.4,850. ఎట్లా చేశానో, మీరు ఎట్లా చేయొచ్చో చూద్దాం.

ముందు టేపు.. తర్వాతే డబ్బు

ఏదైనా కొనే ముందు ఇల్లంతా కొలవండి. గ్రాఫ్ పేపర్ మీద 1 సెంటీమీటర్‌ను 1 అడుగుగా తీసుకుని గోడలు, తలుపులు, కిటికీలు, స్విచ్‌బోర్డులు గీయండి. తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా గుర్తు పెట్టండి. మంచం, బీరువా, కూలర్‌లను అదే కొలతతో అట్టముక్కల్లా కత్తిరించి కాగితం మీద జరిపి చూడండి. బీరువాను నాలుగుసార్లు ఈడ్చే పని తప్పుతుంది.

ల్యాప్‌టాప్ ఉంటే స్వీట్ హోమ్ 3డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. మీరు గీసిన ప్లాన్‌ను అప్పటికప్పుడు త్రీడీలో చూపిస్తుంది.

తర్వాత ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు ఏ కిటికీలోంచి ఎండ ఎక్కడ పడుతోందో రాసుకోండి. మా ముందు గదిలో మంచి వెలుతురు ఉదయం 11 వరకే ఉంటుందని పాతికేళ్లు అదే ఇంట్లో ఉండి కూడా నాకు తెలియదు!

క్వార్టర్ కాబట్టి ఇంకో నియమం. విప్పుకుని తీసుకుపోలేనిదేదీ పెట్టొద్దు. నేను గోడకు షెల్ఫ్ బిగిద్దామని డ్రిల్లింగ్ మెషీన్ అడిగి తెస్తే బాపు ఒకటే మాట అన్నాడు.. ‘గోడకు మొలలు కొట్టకురా, ఇది కంపెనీ ఇల్లు. ఎట్ల తీసుకున్నమో అట్లనే అప్పజెప్పాలె.’ అప్పుడు కోపమొచ్చింది. కానీ డిజైన్‌కు అంతకంటే మంచి షరతు లేదని తర్వాత తెలిసింది.

ముందు గది: ఇంటర్వ్యూ గోడ

వెలుతురు మీ వెనక నుంచి వస్తే కెమెరాలో మీరు నీడలా కనిపిస్తారు. కిటికీ మీకు ఎదురుగానో పక్కగానో ఉండాలి. కుడిచేత్తో రాసేవారికి ఎడమవైపు నుంచి వెలుతురు వస్తే చేతి నీడ కాగితం మీద పడదు. నేను చేసిందల్లా కూర్చునే దిక్కు మార్చడమే. దానికి రూపాయి కూడా ఖర్చు కాలేదు.

బల్ల కోసం పాత తలుపు రెక్కను రెండు ఇనుప స్టాండ్ల మీద పెట్టాను. నేల నుంచి 29 అంగుళాల ఎత్తు. ల్యాప్‌టాప్ కింద పాత గైడ్లు పేర్చి స్క్రీన్ పైఅంచు కంటికి సమానంగా వచ్చేలా చూసుకున్నా. మబ్బు రోజుల కోసం 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును ల్యాప్‌టాప్ వెనక గోడవైపు తిప్పి పెట్టాను. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు ముఖానికి గుచ్చుకోదు.

వెనక కనిపించే గోడను ఖాళీగా ఉంచండి. దండెం మీది బట్టలు, క్యాలెండర్లు ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుంటే చాలు. ఖాళీ గదిలో గొంతు మార్మోగుతుంది కాబట్టి నేల మీద ఒక జంపఖానా పరచండి. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉతికితే మళ్లీ కొత్తదానిలా ఉంటుంది. చుట్టి చంకన పెట్టుకుని ఏ ఇంటికైనా పోవచ్చు.

లోపలి గది: నిద్రకు మొదటి హక్కు

షిఫ్టుల ఇంట్లో ఇదే అసలైన సమస్య. మీకు పగటి వెలుతురు కావాలి. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషికి పగలే చీకటి కావాలి. నిద్ర సాలక గనిలోకి దిగితే ప్రమాదం. కాబట్టి ఇక్కడ మన చదువు కంటే వాళ్ల నిద్రే ముందు.

బాపు మంచాన్ని ముందు గదిలోంచి లోపలి గదికి మార్చాం. కిటికీకి ముదురు రంగు కర్టెన్లు రెండు పొరలుగా వేశాం. కర్టెన్ కిటికీ కంటే అన్ని వైపులా అరడుగు వెడల్పుగా ఉంటేనే అంచుల్లోంచి వెలుతురు రాదు. చెల్లె క్లాసు ముందు గదిలోకి మారింది. బల్లకు ఆ చివర తను, ఈ చివర నేను.

తలుపుకు ఒక కాగితం అంటించాం. ఈ వారం బాపుది ఏ షిఫ్ట్, చెల్లె క్లాసులు ఎప్పుడు, నా మాక్ ఇంటర్వ్యూ ఎప్పుడు, మిక్సీ ఎప్పుడు తిప్పొద్దు.. అన్నీ అందులోనే. ఇంట్లో అందరికంటే ఎక్కువ పనికొచ్చిన అలంకరణ వస్తువు ఆ కాగితమే. షిఫ్ట్ మారినప్పుడల్లా దాన్ని మార్చే పని చెల్లెది.

వంటగది: అడిగి చేయండి

నేను వంటింట్లోకి పెద్ద ఐడియాలతో వెళ్లాను. రంగులు, డబ్బాలకు స్టిక్కర్లు.. అమ్మ అంతా విని, ‘అవన్నీ సరే బిడ్డా, ముందు నా నీడ తీసెయ్’ అంది. అర్థం కాలేదు. పొయ్యి దగ్గర నిలబడి చూపించింది. బల్బు ఆమె వెనక గోడకు ఉంది. కూరగాయలు కోసే చోట ఎప్పుడూ ఆమె నీడే పడుతోంది. ఇరవై ఏళ్లుగా ఆ చీకట్లోనే కోస్తోంది.

గట్టు పైనున్న అర కింద, ముందు అంచుకు ఒక ఎల్‌ఈడీ బ్యాటెన్ తగిలించాం. కట్టెకే బిగించాం కాబట్టి గోడకు చిల్లు పడలేదు. రోజూ వాడే డబ్బాలు నడుము నుంచి భుజం ఎత్తు మధ్యలోకి, పండుగకు తీసే గిన్నెలు పైకి వెళ్లాయి. మూలకు ఒక ఇనుప ర్యాక్ నిలబెట్టాం. వంటింటి అలంకరణ అంతే.

వాడే మనిషిని అడగకుండా ఏదీ మార్చొద్దనేది ఇక్కడ నేను నేర్చుకున్న పాఠం. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్నే యూజర్ రీసెర్చ్ అంటారు. జీతమిచ్చి మరీ చేయిస్తారు.

వరండా, మిద్దె: దుమ్ము, ఎండ

బొగ్గు బెల్టులో దుమ్మును ఆపలేం. గుమ్మం దగ్గర తగ్గించుకోగలం. డ్యూటీ బూట్లు, బట్టలు వరండాలోనే ఆగేలా ఒక స్టాండు పెట్టండి. కంప్యూటర్ ఉన్న గదిని పొడి చీపురుతో ఊడ్చడం కంటే తడిబట్టతో తుడవడం మేలు. ల్యాప్‌టాప్ గాలి రంధ్రాలను నెలకోసారి శుభ్రం చేయండి. దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, సరిగ్గా టెస్ట్ రాసే టైమ్‌లోనే నెమ్మదిస్తుంది.

ఎండ సంగతి రామగుండం వాళ్లకు చెప్పాలా! మేలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిద్దెకు తెల్లటి పూత వేస్తే ఎండ చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. అయితే క్వార్టర్ మిద్దె, వైరింగ్, గోడల జోలికి వెళ్లాలంటే ముందు అనుమతి అడగండి. మీ చేతిలో ఉన్నవి కిటికీకి బయటివైపు వట్టివేళ్ల తడిక, వరండాలో నాలుగు కుండీలు. కొత్త ఫ్యాన్ కొనాల్సి వస్తే బీఎల్‌డీసీ రకం చూడండి. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటే ఇది 30 వాట్ల దగ్గర్లోనే తిరుగుతుంది.

ఖర్చు లెక్క

* బల్ల స్టాండ్లు: రూ.900
* జంపఖానా: రూ.1,100
* కర్టెన్లు: రూ.1,200
* బల్బు, బ్యాటెన్, హోల్డర్లు: రూ.650
* వంటింటి ర్యాక్ (పాతది): రూ.700
* బూట్ల స్టాండు: రూ.300

టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన డబ్బులివి. నెలకు ఒక గది చొప్పున చేశాను. మీరూ అంతే చేయండి, అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు.

రెజ్యూమెలోకి ఎట్లా?

2022 మొదట్లో ఇంకో ఇంటర్వ్యూ. అదే బల్ల, ఈసారి ముఖం కనిపించింది. ‘తక్కువ వనరులతో ఒక సమస్యను పరిష్కరించిన సందర్భం చెప్పండి’ అన్నారు. కాలేజీ ప్రాజెక్టు చెప్పబోయి ఆగి, అమ్మ నీడ సంగతి చెప్పాను. సమస్యను నేను ఏమనుకున్నాను, అసలు సమస్య ఏంటి, ఎట్లా తెలిసింది, ఎంత ఖర్చయింది, ఏం మారింది.. రెండు నిమిషాలు. తర్వాత పావుగంట దాని మీదే అడిగారు. ఆ ఉద్యోగం వచ్చింది. బ్యాటెన్ వల్లే వచ్చిందని మీకు చెబితే అబద్ధమవుతుంది. అదే బల్ల మీద ఏడాదిపాటు రోజూ ఎస్‌క్యూఎల్ చేశాను మరి!

మీరు కూడా పని మొదలుపెట్టే ముందు, అయ్యాక ఒకే కోణంలో ఫొటోలు తీయండి. ప్లాన్, ఖర్చు, ఫొటోలు కలిపి 2 పేజీల పీడీఎఫ్ చేయండి. సివిల్, ఆర్కిటెక్చర్, యూఎక్స్ ఉద్యోగాలకు అది నిజమైన పోర్ట్‌ఫోలియో. మిగతా వాటికి హెచ్‌ఆర్ రౌండ్‌లో చెప్పుకునే మంచి ఉదాహరణ.

ఇదే కెరియర్ కావాలంటే

* పదో తరగతి తర్వాత: ఐటీఐలో ఇంటీరియర్ డిజైన్ అండ్ డెకరేషన్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడులు.
* ఇంటర్ తర్వాత: హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీడిజైన్ ఇంటీరియర్ డిజైన్ ఉంది. దీనికి ఫాడీ రాయాలి. బీఆర్క్ కోసం నాటా, ఐఐటీల బీడిజైన్‌కు యూసీడ్, ఎన్‌ఐడీకి డాట్ పరీక్షలు.
* డిగ్రీ, బీటెక్ తర్వాత: ఐఐటీల్లో ఎండిజైన్ కోసం సీడ్.
* ఇంట్లోనే నేర్చుకోదగ్గవి: ఆటోక్యాడ్, స్కెచప్, బ్లెండర్. వీటిలో బ్లెండర్ పూర్తిగా ఉచితం.

అర్హతలు, తేదీలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకుని దరఖాస్తు చేయండి.

తాళం ఇచ్చిన రోజు

బాపు 2021 చివర్లో దిగిపోవాల్సింది. ఆ ఏడాదే సింగరేణిలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 61కి పెరగడంతో మాకు ఇంకో ఏడాది దొరికింది. ఆ ఏడాదిలోనే నాకు ఉద్యోగమొచ్చింది. లేకపోతే జీతం ఆగడం, క్వార్టర్ ఖాళీ చేయడం, నా నిరుద్యోగం మూడూ ఒకేసారి మీద పడేవి. మీలో చాలామందికి ఆ తేదీ ఇప్పటికే తెలుసు. క్యాలెండర్‌లో ఎవరూ రాయరు గానీ ఇంట్లో అందరి తలలో ఉంటుంది.

ఖాళీ చేసిన రోజు బల్ల, జంపఖానా, కర్టెన్లు, ర్యాక్ అన్నీ విప్పి ఒక్క ట్రాలీ ఆటోలో సర్దాం. కిరాయింట్లో సాయంత్రానికల్లా మళ్లీ నిలబెట్టాం. బాపు చివరిసారి గోడలన్నీ చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు. నేను వంటింట్లో బ్యాటెన్ విప్పబోతుంటే అమ్మ ఆపింది.

‘అది ఉండనియ్ బిడ్డా. రేపు వచ్చేటామెకు కూడా అక్కడ చీకటే ఉంటది.’

ఈ ఆదివారం టేపు తీసుకుని మీ ముందు గదితో మొదలుపెట్టండి. వంటింట్లోకి మాత్రం టేపు లేకుండా వెళ్లండి. ముందు అడగండి.