రంగంలో తీయించుకున్న ఫొటోలు

గోదావరి జిల్లాలవారో, విశాఖ, శ్రీకాకుళం వారో మనలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, నేను ఫొటోగ్రాఫర్నని తెలియగానే ఓ పాత ఆల్బమ్ తీసుకొస్తారు. అందులో ఎక్కడో ఒకచోట గోధుమరంగుకి తిరిగిన ఫొటో ఒకటి ఉంటుంది. కుర్చీ పక్కన నుంచున్న కుర్రాడు, వదులు కోటు, చేతికి గడియారం, వెనక తెరమీద గీసిన మెట్లూ పూలకుండీలూ. ఎవరండీ అంటే, "తాతగారి అన్నదమ్ముల్లో ఎవరోనట, రంగం వెళ్ళారట" అంటారు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

రంగమంటే రంగూన్. 1989 నుంచి అధికారికంగా యాంగోన్. నేను పుట్టింది అక్కడే, 1950లో. మా నాన్నగారు ఓ ఫొటో స్టూడియోలో పనిచేసేవారు. పద్నాలుగో ఏట ఆ ఊరు వదిలాను. మళ్ళీ 2013లోనూ, 2018లోనూ కెమెరా పట్టుకుని వెళ్ళాను. ఈ పత్రికలో ఫొటోలకు చోటులేదు కనక మాటల్లోనే చూపించాలి.

మనవాళ్ళు కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల్లో ఓడ ఎక్కేవారు. అంతకు ముందు కోరంగి పెద్ద రేవు. ఆ పేరుమీదనే బర్మావాళ్ళు మనల్ని కొరింగీలనేవారు. ఆ మాటలో గౌరవమేమీ లేదు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేవారిలో తెలుగువారే ఎక్కువ. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కడితే యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్ళను వద్దన్నారు. మే 26న మొదలైన కొట్లాటలో ఎన్నో ప్రాణాలు పోయాయి.

ఆ కాలపు పోస్టుకార్డులు నేను కొన్ని చూశాను. ఫిలిప్ క్లియర్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ మౌల్మీన్‌లో మొదలుపెట్టి తర్వాత రంగూన్లో స్థిరపడ్డాడు. పగోడాలను, వీధులను, మనుషులను చాలా శ్రద్ధగా తీశాడు. పనితనానికి వంక పెట్టలేం. కాని ఆ రోజుల కార్డులమీద మనవాడు కనిపిస్తే కింద "కూలీ" అని ఉంటుందే గాని పేరుండదు. మనవాడు తన పేరు చెప్పి, తన డబ్బిచ్చి దిగిన ఫొటో స్టూడియోలోదే. అందుకే నాకు వాటిమీద ఇంత మమకారం.

నాన్నగారి స్టూడియోలో ఒకటే కోటు. సన్నటివాడొస్తే వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగించేవారు. గడియారం కూడా స్టూడియోదే, అది నడిచేది కాదు. పంచెమీద కోటు వేయించి, కాళ్ళు కనబడకుండా మోకాళ్ళ దాకానే తీసేవారు. అదంతా మోసమా అని ఎవరో అడిగితే నాన్నగారు, "ఊళ్ళో వాళ్ళమ్మ చూసుకునే ఫొటో ఇది, బస్తా మోస్తున్నట్టు తియ్యమంటావా?" అన్నారట. ప్రింటు వెనకాల కొడుకు పేరు, తేదీ రాసి పోస్టు చేసేవారు. చాలా ఇళ్ళలో ఆ ఫొటోలను అట్టకు అంటించేశారు. పేరు అట్ట వెనక్కి పోయింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత నెలల్లో లక్షలమంది భారతీయులు అడవుల వెంట నడిచి అస్సాం వైపు వచ్చారు, దారిలో పోయినవారు వేలు. యుద్ధమయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు, మా తాతగారు వారిలో ఒకరు. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, ఆ మేలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. వెళ్ళిపోయేవారు పట్టుకెళ్ళే డబ్బుమీద, నగలమీద గట్టి ఆంక్షలు. అమ్మ గాజులు తీసి ఇచ్చేసింది. నాన్నగారు పరుపుచుట్టలో కొన్ని ప్రింట్లు పెట్టుకున్నారు, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. గాజు నెగెటివ్‌లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. విశాఖలో దిగాం. బర్మా క్యాంపు అన్న పేరు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉంది.

2013లో వెళ్ళినప్పుడు మొగల్ స్ట్రీట్ కోసం వెతికితే ష్వేబొంతా వీధి అన్నారు. ఫ్రేజర్ స్ట్రీట్ అనవ్రత అయింది. సూలే పగోడా మాత్రం నడివీధిలో అలాగే కూర్చుని ఉంది. ఊరి దూరాలన్నీ దాన్నుంచే కొలుస్తారు. ష్వేడగోన్ ఎత్తు సుమారు 99 మీటర్లు. మధ్యాహ్నం దాని బంగారం కెమెరా మీటరును మాయచేసి మనుషుల్ని నల్లగా చేసేస్తుంది, పైగా చెప్పుల్లేని అరికాళ్ళు పాలరాతిమీద కాలిపోతాయి. దీపాలు పెట్టే వేళ వెళ్ళాలి. అక్కడి ఆడవాళ్ళు చెక్క అరగదీసి బుగ్గలకు పూసుకునేదాన్ని తనకా అంటారు (మన తాకట్టు తనఖా కాదు!). నలుపు తెలుపు ఫొటోలో అది వెన్నెల ముక్కలా పడుతుంది.

మాండలేకు కూడా వెళ్ళాను. అమరపురలోని టేకు వంతెనను అందరూ తీస్తారు, నేనూ తీశాను. నాకు నచ్చింది ఐరావతి మీది ఆవా ఇనప వంతెన. 1934లో కట్టారు. 1942లో వెనక్కి తగ్గుతున్న బ్రిటిషు సైన్యం పేల్చింది, 1954లో బాగుచేశారు. 2025 మార్చి 28 భూకంపంలో అది కూలిపోయింది. నా దగ్గర ఆరు ఫ్రేములున్నాయి.

మౌల్మీన్‌లో, 2018లో, ఓ ముసలావిడ నా మాట విని తెలుగులో పలకరించింది. "ఏ ఊరు బాబూ?" అంది, అచ్చం మా మామ్మ యాసలో. ఆవిడ బర్మా దాటి ఎప్పుడూ రాలేదు. మనవలకు తెలుగు రాదు. ఫొటో తియ్యమని, బొట్టు సరిచేసుకుని, కొంగు భుజం నిండా కప్పుకుని కూర్చుంది. మర్నాడు ప్రింటు పట్టుకెళితే ఒకటి తాను ఉంచుకుని, రెండోది నాకిచ్చి వెనకాల రాసుకోమంది. తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, సోంపేట దగ్గర ఓ పల్లె పేరు చెప్పింది. "మావోళ్ళకియ్యి" అంది. వాళ్ళెవరో, ఉన్నారో లేదో ఆవిడకూ తెలియదు. సోంపేట వైపు బంధువులున్నవారు, తమ పెద్దల్లో ఎవరైనా మౌల్మీన్ వెళ్ళినట్టు విని ఉంటే, వచ్చే నెల సమావేశంలో నన్ను కలవండి. ప్రింటు నా సంచీలోనే ఉంటుంది.