పాత స్పోర్ట్స్ కారుకు డీఆర్‌ఎల్: అనంతపురం ఎండలో నిజంగా పనికొస్తుందా?

పోయిన మే నెలలో కల్యాణదుర్గం రోడ్డు మీద నేనూ మా బావా వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాం. మిట్టమధ్యాహ్నం. ఎదురుగా ఒక ట్రాక్టర్, దాని వెనక మినీ లారీ. ట్రాక్టర్‌ను దాటదామని ఆ లారీ నేరుగా మా మీదికే వచ్చేసింది. బావ కారును పక్కన మట్టిలోకి దింపేశాడు కాబట్టి సరిపోయింది. లారీ డ్రైవర్ కొంచెం ముందుకెళ్లి ఆపి, పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడు. మేం తిట్టేలోపే అన్నాడు: “కారు కనపల్లేదన్నా. రోడ్డంతా నీళ్లున్నట్టు మెరుస్తా ఉంది, దాంట్లో ఏముందో తెలీలే.”

అతను చెప్పింది అబద్ధం కాదు. మా బావది శాన్ స్టార్మ్. 1990ల చివర్లో వచ్చిన, గోవాలో తయారైన రెండు సీట్ల బుల్లి స్పోర్ట్స్ కారు. ఫైబర్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజిన్. పక్కన ఎస్‌యూవీ ఆగితే బొమ్మ కారులా ఉంటుంది. పైగా బావ దానికి వేయించిన రంగు వెండి బూడిద. మే నెల ఎండలో తారు రోడ్డు మీద ఎండమావి లేచినప్పుడు ఆ రంగు, ఆ ఎత్తు ఉన్న కారు దాంట్లో కలిసిపోతుంది.

ఆ రాత్రే నిర్ణయం తీసుకున్నాం. కారుకు డీఆర్‌ఎల్ పెట్టించాలి. అంటే డేటైమ్ రన్నింగ్ లైట్లు, పగటిపూట వెలిగే లైట్లు. స్టయిల్ కోసం కాదు, కనపడటం కోసం. మీలో చాలామందికి పాత కారో, సెకండ్ హ్యాండ్ కారో ఉండి ఇదే ఆలోచన వచ్చి ఉంటుంది. మేం ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో రెండూ చెబుతాను.

చలిదేశాల లైటుకు ఇక్కడేం పని?

డీఆర్‌ఎల్ పుట్టింది పగలు కూడా మసకగా ఉండే దేశాల్లో. స్వీడన్ 1977లోనే పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలని రూల్ పెట్టింది. కెనడాలో 1989 డిసెంబర్ నుంచి తయారైన కొత్త వాహనాలకు ఇవి తప్పనిసరి. యూరోపియన్ యూనియన్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త కారు మోడళ్లకు తప్పనిసరి చేశారు. మన దగ్గర 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైట్ దానంతటదే వెలిగే ఏహెచ్‌వో వచ్చింది. గుర్తుందా, మొదట్లో ఆ బండి నడిపేవాళ్లకు ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్లు మూసి తెరుస్తూ “లైట్ వెలుగుతోంది” అని సైగ చేసేవాడు!

పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్‌లు రావడం మొదలయ్యాక ఎల్‌ఈడీ డీఆర్‌ఎల్ గీతలు మా జిల్లా రోడ్ల మీద మామూలు దృశ్యం అయిపోయాయి. అయితే మా ప్రశ్న వేరే. స్వీడన్ మబ్బులో కనపడే లైటు అనంతపురం ఎండలో కనపడుతుందా?

లెక్క చూద్దాం. ఐక్యరాజ్యసమితి 87వ నంబర్ రెగ్యులేషన్ ప్రకారం ఒక్కో డీఆర్‌ఎల్ నేరుగా ముందుకు కనీసం 400 క్యాండెలా, ఎక్కువలో ఎక్కువ 1200 క్యాండెలా వెలుగు ఇవ్వాలి. వెలిగే భాగం 25 నుంచి 200 చదరపు సెంటీమీటర్ల మధ్య ఉండాలి. మా లైటు వెలిగే భాగం 40 చదరపు సెంటీమీటర్లు. 400 క్యాండెలాను దాంతో భాగిస్తే చదరపు మీటరుకు లక్ష క్యాండెలా. నడినెత్తి మీద ఎండ పడుతున్న సున్నం గోడ ఇచ్చేది సుమారు పాతిక వేలు. అంటే ఆ చిన్న ముక్క సున్నం గోడకు నాలుగింతలు మెరుస్తుంది. తారు రోడ్డైతే దాని ముందు అసలు లెక్కలోకే రాదు.

మరి చిక్కెక్కడ? దూరంలో. 40 చదరపు సెంటీమీటర్లంటే సుమారు ఏడు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల. 300 మీటర్ల దూరం నుంచి అది మన కంటికి చుక్కగా కూడా సరిగ్గా ఆనదు. అక్కడి నుంచి ఇంకా దూరమయ్యే కొద్దీ ఎండలో పలచబడిపోతుంది. కాబట్టి ఎండలో డీఆర్‌ఎల్ కిలోమీటరు నుంచి కనపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కిట్ కొనేముందు

మొదట బావ ఆన్‌లైన్‌లో చౌక పట్టీ ఒకటి తెప్పించాడు. కంపెనీ పేరు చెప్పను. వారంలోనే సగం ఎల్‌ఈడీలు ఆరిపోయాయి. విప్పి చూస్తే లోపల వోల్టేజీని అదుపు చేసే సర్క్యూటే లేదు, ఒక రెసిస్టర్ పెట్టి వదిలేశారు. కారులో 12 వోల్టులు అనేది పేరుకే. ఇంజిన్ నడుస్తుంటే 14 దాటుతుంది. మధ్యమధ్యలో ఇంకా పెద్ద స్పైకులు వస్తాయి. దానికి తోడు బయట 40 డిగ్రీలు దాటిన ఎండ, వెనక రేడియేటర్ సెగ. ఎల్‌ఈడీకి వేడే శత్రువు.

రెండోసారి మేం మూడు విషయాలు చూసుకున్నాం.

ఒకటి, వెనకభాగం అల్యూమినియం ఉండాలి. ప్లాస్టిక్ అయితే వేడి బయటికి పోదు.

రెండు, ఐపీ67 రేటింగ్. ఫోన్ రివ్యూల్లో మీరు చూసే నంబరే ఇది. అందరూ చివరి అంకె, అంటే నీళ్ల సంగతి చూస్తారు. మా ఊళ్లో ముఖ్యమైంది మొదటి అంకె. 6 అంటే దుమ్ము అసలు లోపలికి పోదని అర్థం. వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ ఉన్న సీమలో ఆ 6 లేకపోతే లెన్స్ లోపల ఎర్రమట్టి పేరుకుంటుంది.

మూడు, ఆర్87 ముద్ర. అది లేకపోతే వెలుగు ఎంతో, ఎటు పడుతుందో ఎవరికీ తెలియదు.

కరెంటు విషయానికొస్తే జత మొత్తం 10 వాట్లు, అంటే ఒక ఆంపియర్ కన్నా తక్కువ. పగలంతా హెడ్‌లైట్లే వేసుకుని తిరిగితే రెండు 55 వాట్ల బల్బులకు 110 వాట్లు పోతాయి. పాత ఆల్టర్నేటర్ మీద ఆ భారం ఎందుకు?

ఫిట్టింగ్: ఎర్త్, ఎత్తు

లైట్లు బిగించి ఎర్త్ వైరును పక్కనున్న బోల్టుకు తగిలించాను. వెలగలేదు. సాయినగర్‌లో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి ఒక్క చూపు చూసి నవ్వాడు. “ఏమప్పా, ఇది ఫైబర్ బాడీ గదా! దీంట్లో ఎర్త్ యాడ వస్తాది?” నిజమే. ఇనుప బాడీ కారులో ఎక్కడ తగిలించినా ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్ కారులో వైరును బ్యాటరీ మైనస్ దాకానో, కింది ఇనుప ఫ్రేమ్ దాకానో తీసుకెళ్లాలి.

కనెక్షన్ విధానం ఇదీ. తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి లైను తీసుకున్నాం, మధ్యలో 3 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాం. తర్వాత ఐదు పిన్నుల రిలే. దాంట్లో 30కి సరఫరా, 87ఏ నుంచి డీఆర్‌ఎల్‌కు. 86కు పార్కింగ్ లైట్ వైరు, 85కు ఎర్త్. పార్కింగ్ లైట్లు గానీ హెడ్‌లైట్లు గానీ వేయగానే రిలే లాగుతుంది, డీఆర్‌ఎల్ ఆరిపోతుంది. 86కు లో బీమ్ వైరు తీసుకోకండి. హై బీమ్‌కు మార్చినప్పుడు లో బీమ్ ఆగిపోతే డీఆర్‌ఎల్ మళ్లీ వెలుగుతుంది. బ్యాటరీ వోల్టేజీని చూసి వెలిగే మాడ్యూళ్లు కూడా దొరుకుతాయి, పని సులువు. కాకపోతే పాత కారులో ఐడిల్‌లో వోల్టేజీ పడిపోయినప్పుడల్లా అవి మిణుకుమంటాయి.

ఇక ఎత్తు. రూల్ ప్రకారం నేల నుంచి 250 మిల్లీమీటర్ల పైన, 1500 లోపల ఉండాలి. రెండు లైట్ల మధ్య 600 మిల్లీమీటర్లు ఎడం ఉండాలి. అందం కోసం అందరూ బంపర్ అడుగున పెడతారు. మేమూ మొదట అక్కడే టేపుతో అంటించి చూశాం. మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద బావ కారులో దూరంగా వెళ్లాడు, నేను నిలబడి ఫోన్‌లో మాట్లాడుతూ చూశాను. 200 మీటర్ల దగ్గర లైట్లు స్పష్టంగా ఉన్నాయి. ఇంకొంచెం దూరం పోగానే కారు పైభాగం కనపడుతోంది, లైట్లు మాత్రం లేవు! ఎండమావి ముందు మింగేది నేలకు దగ్గరగా ఉన్నదాన్నే. లైట్లను గ్రిల్ పక్కకు, వీలైనంత పైకి జరిపాక సుమారు 300 మీటర్ల దాకా రెండు చుక్కలు కనపడ్డాయి. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, నా కంటి కొలత. అయినా తేడా మాత్రం కొట్టొచ్చినట్టు ఉంది.

మేం చేసిన పెద్ద తప్పు

రెండు వారాలు బాగా గడిచాయి. ఒకరోజు పెనుకొండ నుంచి ఎన్‌హెచ్-44 మీద తిరిగొస్తున్నాం. పొద్దుగూకింది. ముందు రోడ్డు మీద తెల్లటి వెలుగు ఉంది కాబట్టి లైట్లు వేసే ఉన్నాయనుకున్నాం. వెనక ఒక లారీ ఆగకుండా హారన్ కొడుతోంది, డిప్పర్ కొడుతోంది. విసుక్కుంటూ పక్కకు ఆపాం. డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు: “వెనక లైట్లు లేవు, సచ్చిపోతారు రా!”

డీఆర్‌ఎల్‌కు వెనక లైట్లతో సంబంధం లేదు. ముందు వెలుగుతూ వెనక చీకటిగా, హైవే మీద ఎంత దూరం వచ్చామో ఇప్పటికీ తెలియదు. ఎదురొచ్చే లారీకి కనపడాలని లైట్లు పెట్టించి, వెనకొచ్చే లారీకి కనపడకుండా పోయాం.

మర్నాడే చిన్న లైట్ సెన్సర్ మాడ్యూల్, బజర్ తెచ్చి డీఆర్‌ఎల్ లైనుకే కలిపాను. చీకటి పడుతున్నా డీఆర్‌ఎల్ మీదే నడుపుతుంటే అది కూస్తుంది. హెడ్‌లైట్ వేయగానే ఆ లైను ఆగిపోతుంది, కూత కూడా ఆగుతుంది. మొత్తం పనిలో అన్నిటికన్నా చౌక వస్తువు ఇదే. మీరు వేరే ఏది మానేసినా ఇది మాత్రం మానకండి.

పెట్టించుకోవాలా?

చట్టం గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందుకే మేం బాడీకి ఒక్క రంధ్రం కూడా కొట్టలేదు, అంతా విప్పేసేలా క్లాంపులతో బిగించాం. మీరైతే పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. తెలుపు తప్ప ఇంకో రంగు వద్దు, మిణుకుమనే మోడ్ అసలే వద్దు.

పొట్టి కారు, రోడ్డు రంగులో కలిసిపోయే పెయింట్, రెండు లేన్ల రోడ్లు. ఈ మూడూ మీకుంటే డీఆర్‌ఎల్ పెట్టించుకోండి. ఊళ్లో షోకు కోసమైతే ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి. ఇది మీకిచ్చేది 300 మీటర్లే. రెండు బండ్లూ 80 స్పీడులో ఎదురెదురుగా వస్తుంటే ఆ దూరం ఏడు సెకన్లలో కరిగిపోతుంది. ఆ రోజు లారీ డ్రైవర్‌కు ఆ ఏడు సెకన్లే దొరకలేదు.

మొన్న అదే కల్యాణదుర్గం రోడ్డు మీద ఎదురొచ్చిన బైకు కుర్రాడు వేళ్లు మూసి తెరుస్తూ “లైట్ వెలుగుతోంది” అని సైగ చేశాడు. బావ మురిసిపోతూ చెయ్యి ఊపాడు. కనపడ్డామన్నమాట.