జాలపాదాలు – ఈతలో వాటి పాత్ర

చెరువులో ఈదుతున్న బాతును మీరు చూసే ఉంటారు. నీటిపైన దాని శరీరం కదలనట్టే ఉంటుంది. పని అంతా నీటి అడుగున జరుగుతుంది. ముందువైపున్న మూడు కాలివేళ్లను కలిపే పలుచని చర్మపు పొర ఆ పనికి సాధనం. ఇలాంటి పాదాన్ని జాలపాదం అంటారు. పాదం వెడల్పుగా ఉండటం వల్ల బాతు ఈదగలుగుతోందని విద్యార్థులు సాధారణంగా రాస్తుంటారు. అది సగం సమాధానమే.

పాదాన్ని వెనక్కి నెట్టినప్పుడు నీరు నిరోధం కలిగిస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఆ నిరోధమే శరీరాన్ని ముందుకు తోస్తుంది. పాదం వైశాల్యం రెట్టింపయితే నిరోధం సుమారుగా రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. కాని వెనక్కి వెళ్లిన పాదం మళ్లీ ముందుకు రావాలి కదా! విప్పిన గొడుగులా అలాగే వస్తే అదే నిరోధం బాతును వెనక్కి తోస్తుంది. పడవవాడు తెడ్డును నీటిలోంచి పైకెత్తి ముందుకు తెచ్చుకుంటాడు. బాతుకు ఆ వీలు లేదు. కాబట్టి వేళ్లను దగ్గరికి చేర్చి, పొరను మడిచి, పాదాన్ని సన్నగా చేసి ముందుకు తెస్తుంది. పొర విచ్చుకోవడం ఎంత ముఖ్యమో ముడుచుకోవడమూ అంతే ముఖ్యం.

ఈ ఏర్పాటు అన్ని జంతువుల్లో ఒకేలా లేదు. నేలపట్టులో గుడ్లు పెట్టే గూడబాతుకు, నీటికాకికి వెనుక వేలితో సహా నాలుగు వేళ్లూ పొరతో కలిసి ఉంటాయి. కూట్ అనే నల్లని నీటిపక్షికి వేళ్ల మధ్య పొర ఉండదు. ప్రతి వేలికీ విడివిడిగా చర్మపు తమ్మెలుంటాయి. గోదురుకప్పకు వెనుక పాదాల్లోనే జాలం ఉంటుంది. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ ముందుపాదంలో పొర గోళ్లను దాటి ముందుకు సాగుతుంది. అది గట్టు ఎక్కగానే పొరను అరిచేతి కిందికి మడుచుకుంటుంది. గోళ్లు బయటపడతాయి, బొరియ తవ్వుకుంటుంది. దగ్గరి బంధుత్వం లేని జీవుల్లో ఇలా పోలికలు ఏర్పడటాన్ని అభిసారి పరిణామం అంటారు.

పొర ఎక్కడి నుంచి వచ్చింది? కోడి, బాతు, మనిషి పిండాలన్నింటిలోనూ పాదం మొదట తెడ్డులాంటి ఫలకంగానే ఉంటుంది. తరవాత కోడిలోనూ మనిషిలోనూ వేళ్ల మధ్య కణాలు నిర్ణీత దశలో చనిపోయి వేళ్లు విడిపోతాయి. ఈ కణ మరణానికి బి.ఎం.పి. అనే ప్రోటీన్ల సంకేతం కావాలి. 1996లో జౌ, నిస్వాండర్ అనే శాస్త్రవేత్తలు కోడి పిండం కాలిలో ఆ సంకేతాన్ని అడ్డుకున్నారు. కోడి వేళ్ల మధ్య పొర మిగిలిపోయింది! బాతు పాదంలో గ్రెమ్లిన్ అనే ప్రోటీన్ సహజంగానే ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. కప్పల సంగతి వేరు. వాటి వేళ్లు ప్రధానంగా పెరుగుదలలోని తేడాల వల్ల రూపొందుతాయి.

కొందరు పిల్లలు కాలి రెండో, మూడో వేళ్లు చర్మంతో కలిసి పుడతారు. వేళ్లు విడిపోయే ఈ ప్రక్రియ పూర్తికాకపోవడమే అందులో జరిగింది. దానిని గ్రహణానికో, తల్లి తిన్న తిండికో ముడిపెట్టి ఆమెను నిందించడం అన్యాయం.

ఇక పరీక్షల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటి ఉంది: "ఈదడం కోసం జాలపాదాలు ఏర్పడ్డాయి." అలా రాయకండి. పొరలో వైవిధ్యం ముందు ఉంటుంది. ఉపయోగపడినచోట తరతరాలుగా నిలుస్తుంది. ఆ ఉపయోగం ఈతే కానక్కరలేదు. పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో ఈదగలదు, కాని ఎక్కువ సమయం లోతు తక్కువ నీటిలో నడుస్తూనే గడుపుతుంది. జాలపాదం దానిని మెత్తని బురదలో కూరుకుపోకుండా కాపాడుతుంది. పశ్చిమ కనుమల్లోని మలబారు ఎగిరే కప్ప వేళ్ల పొరలను చాచి చెట్టు నుంచి చెట్టుకు గాలిలో జారుతుంది. మూర్‌హెన్ అనే నీటికోడికైతే జాలమే లేదు. అయినా పొడవాటి వేళ్లతో, తల ఊపుకుంటూ చక్కగానే ఈదుతుంది. అవే వేళ్లతో తామరాకుల మీద నడుస్తుంది. బాతును, నీటికోడిని ఒకే చెరువులో చూసే అవకాశం దొరికితే, గట్టు ఎక్కాక రెండింటి నడకలో తేడాను గమనించి మీ అభ్యాస పుస్తకంలో రాయండి.