పంపకాలకు ముందే...

నెల్లూరు తీరంలో తండ్రి పోయాక పడవ, వలలు, రొయ్యల గుంట దగ్గర తగాదాపడి మాటలు మానేసిన అన్నదమ్ములను మనం చూస్తూనే ఉన్నాం. పేరూ డబ్బూ ఉన్న ఇళ్లకూ ఈ బాధ తప్పదు.

బాప్టిస్టు పాస్టర్ కుమార్తె, చర్చిలో పాడుతూ ఎదిగిన అమెరికన్ గాయని అరీథా ఫ్రాంక్లిన్ 2018 ఆగస్టులో మరణించారు. మరుసటి ఏడాది ఆమె ఇంట్లో చేతిరాత వీలునామాలు దొరికాయి. ఒకటి సోఫా దిండు కింద ఉంది! ఏది చెల్లుతుందని కొడుకులే కోర్టులో ఎదురెదురుగా నిలిచారు. 2014లో రాసిందే చెల్లుతుందని 2023 జూలైలో జ్యూరీ తేల్చింది.

మన నెల్లూరు బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. నెల్లూరులోని సొంతింటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఆ ఫిబ్రవరిలోనే అప్పగించారు. ఆయన విశ్వాసం వేరు. అయినా ఇవ్వదలచింది బతికుండగానే ఇవ్వడం మనమూ నేర్చుకోదగ్గదే.

ఆస్తి పంచిపెట్టమని తన సహోదరుడికి చెప్పాలంటూ ఒకడు ప్రభువును అడిగాడని లూకా 12వ అధ్యాయంలో చదువుతాం. ప్రభువు పంపకాల పెద్దమనిషిగా కూర్చోలేదు. లోభం గురించి హెచ్చరించాడు. పెద్దలమైతే ఓపిక ఉండగానే స్పష్టంగా రాసిపెడదాం. పిల్లలమైతే సెంటు భూమి కోసం తోబుట్టువును పోగొట్టుకోకుండా ఉందాం.