అమెరికాలోనూ పిడకల పొయ్యి



అమెరికా అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? మేడలు, కార్లు, డబ్బు. కానీ 150 ఏళ్ల కిందట అక్కడా ఎందరో ఆడవాళ్లు పిడకలతోనే వండారు. ఎందుకో తెలుసుకుందామా?

1862లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. పడమటి వైపు భూముల్లో ఒక్కొక్కరికి 160 ఎకరాల దాకా ఇస్తామంది. అక్కడే ఇల్లు కట్టుకోవాలి. 5 ఏళ్లు ఉండి సాగు చేయాలి. అప్పుడే పట్టా ఇస్తారు. భూమి మీద ఆశతో వేలాది కుటుంబాలు బళ్లు కట్టుకుని వెళ్లాయి.

కాన్సాస్, నెబ్రాస్కా అనే చోట్ల ఎటు చూసినా గడ్డి మైదానమే. చెట్లు బాగా తక్కువ. ఇంటికి కలప ఏదీ? వేళ్లతో గట్టిపడిన గడ్డి నేలను ఇటుకల్లా కోసి గోడలు కట్టారు. కప్పు మీదా అదే మట్టి. వాన వస్తే బురద కారేది. అన్నం గిన్నెలో మట్టి పడేది. ఒక్కోసారి కప్పులోంచి పాములూ పడేవి.

పొయ్యిలోకి కట్టెలు లేవు. మైదానంలో అడవి దున్నల పేడ ఎండి పడి ఉండేది. ఆడవాళ్లు, పిల్లలు దాన్ని ఏరి తెచ్చేవాళ్లు. నీళ్లు దూరం నుంచి మోసేవాళ్లు. పొలం పని, పాడి పని, బట్టలు కుట్టడం, అన్నీ చేసేవాళ్లు. డాక్టరు ఎక్కడో దూరాన ఉండేవాడు. కాన్పు వస్తే పొరుగు ఆడవాళ్లే దిక్కు. ఆ పొరుగిల్లు కూడా దగ్గర్లో ఉండేది కాదు.

1874లో మిడతల దండు వచ్చి పడింది. కూర పాదులు కాపాడుకుందామని ఆడవాళ్లు దుప్పట్లు కప్పారు. మిడతలు ఆ దుప్పట్లనూ తినేశాయి.

ఇంకో మాట మరవకూడదు. అది ఖాళీ భూమి కాదు. అక్కడ ఎన్నో తరాలుగా ఆదివాసులు ఉండేవాళ్లు. ప్రభుత్వం వాళ్లను వెళ్లగొట్టి ఆ భూమిని పంచింది. ఆ ఆదివాసీ తల్లులు ఇల్లూ, ఊరూ పోగొట్టుకున్నారు.

మరి పట్టా ఎవరి పేరున? పెళ్లికాని ఆడవాళ్లు, భర్త పోయినవాళ్లు సొంతంగా అడగవచ్చు. భర్తతో ఉన్న ఆడదానికి మాత్రం మామూలుగా ఆ హక్కు లేదు. చాకిరీ ఇద్దరిదీ. కాగితం మీద పేరు ఒక్కరిది!

ఎలినోర్ ప్రూయిట్ అనే ఆమె డెన్వర్ పట్నంలో బట్టలు ఉతికి బతికేది. బడి చదువు అంతంతమాత్రమే. 1909లో చిన్న కూతుర్ని తీసుకుని వయోమింగ్ వెళ్లింది. ఒక రైతు ఇంట్లో పనికి చేరింది. తన పేరున భూమికి దరఖాస్తు పెట్టింది. పనంతా అయ్యాక, తాను ఇదివరకు పనిచేసిన ఇంటి యజమానురాలికి ఉత్తరాలు రాసేది. ఆ ఉత్తరాలు 1914లో పుస్తకంగా అచ్చయ్యాయి.

ఇలా కొందరు ఉత్తరాలు రాశారు. కొందరు రోజూ జరిగింది రాసుకున్నారు. అందుకే వాళ్ల కష్టం ఈనాడు మనకు తెలిసింది. రాయనివాళ్ల కష్టం వాళ్లతోనే పోయింది.

మనకూ ఇప్పుడు అక్షరం వచ్చింది. మన కష్టం మనమే రాద్దాం.

ఆలోచించండి:
1. మీ ఇంటి పట్టా మీద ఎవరి పేరు ఉంది? మీరే చదివి చూడండి.
2. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరు చేసిన పనులు 5 వాక్యాల్లో రాయండి.