బరువు తగ్గించే మాత్రలు వాడవచ్చునా?

నకిరేకల్ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరంలోని విషయమిది. ఆమె కుమార్తెకు 23 సంవత్సరాలు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. రెండు మాసాలలో వివాహం. పెళ్ళిచూపుల నాడు మగపెళ్ళివారి తరఫున వచ్చిన ఒకామె "పిల్ల కొంచెం లావు" అన్న మాట ఆ అమ్మాయి మనసులో నాటుకొన్నది. ఫోనులో ప్రకటన చూచి, పూర్తిగా మూలికలతోనే తయారైనవనీ, ముప్పై రోజులలో పది కిలోలు తగ్గుతారనీ చెప్పిన క్యాప్సూళ్ళను కొరియరులో తెప్పించుకొన్నది. మూడు వారాలలో నాలుగు కిలోలు తగ్గిన మాట నిజమేనట. అయితే రాత్రులు నిద్ర లేదు. నోరు పిడచకట్టుకొని పోతున్నది. మెట్లెక్కితే గుండె దడదడలాడుతున్నది. "మూలికల మందే కదా, ఇంకొక డబ్బా కావాలంటున్నది, తెప్పించవచ్చునా?" అని ఆ తల్లి అడిగినారు.

వివరణకు ముందే సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది. వద్దు. ఆ క్యాప్సూళ్ళు నేడే ఆపివేయాలి. డబ్బాను మాత్రం పారవేయరాదు. దానిని వెంట తీసుకొని అమ్మాయిని డాక్టరు వద్దకు తీసుకొని వెళ్ళండి. రక్తపోటు, నాడి చూపించండి, గుండెదడ తగ్గకున్నచో ఇ.సి.జి. తీయించండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పుట, ఊపిరి ఆడకపోవుట వంటివి కనిపించినచో మరునాటి వరకు ఆగరాదు.

ఇంత గట్టిగా చెప్పుటకు కారణమున్నది. నిద్ర లేమి, నోరు ఎండుట, గుండెదడ, ఆకలి చచ్చిపోవుట – ఈ నాలుగూ కలిసి కనిపించినప్పుడు వైద్యునికి మొదట తోచే అనుమానం త్రిఫలాల మీదనో తిప్పతీగ మీదనో పోదు. సిబుట్రమిన్ అనే రసాయనం మీదికి పోతుంది. ఇది మెదడులోని కొన్ని రసాయనాలను పెంచి ఆకలిని అణచివేస్తుంది, వాటితోపాటు నాడివేగాన్ని, రక్తపోటును కూడా పెంచుతుంది. ఒకప్పుడు డాక్టరు చీటీ మీద మన మందుల దుకాణాలలోనే దొరికేది. గుండె జబ్బు ప్రమాదం గల సుమారు పదివేల మందిపై ఏళ్ళ తరబడి జరిపిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడినవి. మందు వాడినవారిలో నూటికి 11.4 మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో నూటికి 10 మందికి గుండెపోటు, పక్షవాతం వంటి ఉపద్రవాలు కలిగినట్లు తేలినది. తేడా స్వల్పంగా కనిపించవచ్చును. కాని గుండెను కాపాడుకొనుటకు బరువు తగ్గదలచినవారికి గుండెపోటునే అధికం చేసే మందు ఎందుకు? ఆ సంవత్సరమే ఐరోపా, అమెరికాలలో అమ్మకం ఆగిపోయినది. 2011లో మన ప్రభుత్వం కూడా దానిని నిషేధించినది.

దుకాణం నుండి తొలగిన ఆ మందు మూలికల డబ్బాలలోనికి ప్రవేశించినది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ "సహజం", "హెర్బల్" అని అమ్ముడుపోయే సన్నబడే మందులను పరీక్షించి, లేబులు మీద పేరు లేకుండా సిబుట్రమిన్ కలిసిన వాటి పేర్లను అనేక పర్యాయాలు ప్రకటించినది. కొన్నింటిలో విరేచనకారి అయిన ఫినాఫ్తలీన్ కూడా బయటపడినది. మూలిక ఏదైనా మూడు వారాలలో నాలుగు కిలోలు దించినదంటే, అది మూలిక పనియేనా అని ముందుగా అనుమానించాలి.

ఈ విషయంలో ఒక చట్టమున్నదని పాఠకులలో చాలామందికి తెలియదు. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కొన్ని వ్యాధుల పట్టికను ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటనలిచ్చి మందులమ్మరాదని నిషేధించినది. ఆ పట్టికలో స్థూలకాయం కూడా ఉన్నది. కావున "పది కిలోలు గ్యారంటీ" అన్న ప్రకటన కనిపించినప్పుడే, మందు సంగతి ఎట్లున్నా, అమ్మేవారి నిజాయితీ ఏపాటిదో తెలిసిపోతున్నది. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీదారుని పూర్తి చిరునామా, అందులోని ద్రవ్యాల పేర్లు, తూకాలు లేని ఆయుర్వేద మందును చేతితో తాకరాదు. ఆహార పదార్థంగా మాత్రమే అనుమతి పొందిన పొడిని మందుగా అమ్మే వారూ ఉన్నారు.

సన్నబడే మాత్రల చరిత్ర అంతా ఇదే ధోరణిలో నడచినది. 1930 దశకంలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని వేలాది మంది మ్రింగినారు. కొవ్వు నిజంగానే కరిగినది. శరీరంలోని శక్తి వేడిగా మారి వృథాగా పోయేది. కొందరికి కండ్లలో శుక్లాలు వచ్చినవి, కొందరు ఆ వేడికే ప్రాణాలు విడిచినారు. 1960 దశకంలో ఐరోపాలో అమినోరెక్స్ వచ్చి ఊపిరితిత్తుల రక్తనాళాలలో పీడనం పెంచినది. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను పాడు చేస్తున్నదని 1997లో బయటపడి అమ్మకం ఆగినది, మన దేశంలోనూ నిషేధించినారు. రిమోనాబాంట్ మనోవ్యాకులత కలిగించి, ఆత్మహత్య ఆలోచనలు రేపుతున్నదని 2008లో ఐరోపాలో ఆపివేసినారు. వీటిలో ప్రతి ఒక్కటీ వచ్చిన కొత్తలో అద్భుతమన్న పేరు పొందినదే.

మరి నేడు డాక్టర్లు వ్రాసే మందుల మాటేమిటి? ఆర్లిస్టాట్ ఆకలిని ముట్టుకొనదు, తిన్న కొవ్వులో సుమారు మూడవ వంతు ఒంటబట్టకుండా ప్రేగుల ద్వారా వెళ్ళిపోయేటట్లు చేస్తుంది. సంవత్సరం పాటు ఆహార నియమంతో వాడినవారు, నియమం మాత్రమే పాటించినవారి కంటె సగటున మూడు కిలోల వరకు అధికంగా తగ్గుతారు. నూనె కారే విరేచనాలు దీని ముఖ్య బాధ. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొంత బయటికి పోతాయి. నల్లగొండ జిల్లావారు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు, కీళ్ళు దెబ్బతిన్నవారు ఊరూరా ఉన్న ప్రాంతమిది. కృష్ణా జలాలు వచ్చినప్పటికీ, దశాబ్దాల పాటు ఆ బోరు నీరు త్రాగినవారి ఎముకలు ఒక్కనాడు మారవు. కాల్షియం, డి విటమిన్ ఒంటబట్టుట వారికి ఇతరుల కంటె ముఖ్యం. అట్టివారు ఆర్లిస్టాట్‌ను తమంతట తాము కొని వాడుట తగదు.

2025లో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్లు స్థూలకాయానికి మన దేశపు మార్కెట్టులోనికి వచ్చినవి. వీటిని పాత మాత్రలతో ఒకే గాటన కట్టుట న్యాయం కాదు. ఇవి ప్రేగులలో సహజంగా పుట్టే హార్మోను వలె పనిచేసి, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అగునట్లు, కొద్దిగా తినగానే తృప్తి కలుగునట్లు చేస్తాయి. సెమాగ్లుటైడ్ వాడినవారు 68 వారాలలో సగటున తమ బరువులో నూటికి 15 పాళ్ళు తగ్గినట్లు 2021లో ప్రచురితమైన పరిశీలన తెలిపినది. మునుపటి ఏ మాత్రా ఇంత పని చేయలేదు. ఆయుర్వేద పత్రిక కదా అని మేము ఈ సంగతిని దాచదలచుకొనలేదు. అయితే మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. వాంతులు, వికారం సామాన్యం, పిత్తాశయంలో రాళ్ళు, క్లోమగ్రంథి వాపు అరుదుగా కలుగవచ్చును. కొవ్వుతోపాటు కండ కూడా కొంత పోతుంది. గర్భం ధరించదలచిన స్త్రీ సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు మాసాల ముందే ఆపవలసి ఉంటుంది. పెళ్ళి కోసం సన్నబడదలచిన అమ్మాయికి ఈ మందు ఎందుకు తగినది కాదో ఈ ఒక్క మాటతోనే బోధపడుతుంది. మధుమేహం, మోకాళ్ళ అరుగుదల వంటి బాధలతో అధిక స్థూలకాయం ఉన్నవారి సంగతి వేరు. వారు వైద్యుని పర్యవేక్షణలో వాడుకొనవచ్చును.

ఆయుర్వేదం స్థూలకాయాన్ని అందచందాల విషయంగా చూడలేదు. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని ఎనిమిది బాధలు వర్ణింపబడినవి. వాటిలో ఆయుఃక్షయం, అధికమైన చెమట, తీరని ఆకలి, దప్పిక ఉన్నవి. స్థూలునికి జఠరాగ్ని మందగించుట కాక ప్రజ్వరిల్లుతుందనీ, అందువలన మాటిమాటికి ఆకలి పుడుతుందనీ అందులో చెప్పబడినది. అందుకే ఆకలిని చంపే మందు కాక, కడుపు నిండుగా ఉండి పోషణ తక్కువగా ఇచ్చే ఆహారమే చికిత్సకు పునాది అయినది. ఆ అధ్యాయంలో చెప్పిన ధాన్యాల పట్టిక చూడండి: కొర్రలు, చామలు, యవలు, జొన్నలు, అరికెలు, పెసలు, ఉలవలు, కందులు. వీటిలో చాలావరకు యాభై ఏళ్ళ క్రితం నకిరేకల్, కట్టంగూరు, శాలిగౌరారం చేలలో పండి, ఇంటి గాదెలలో నిండిన గింజలే! గటకా అంబలీ త్రాగి పొలానికి పోయినవారి మనుమరాలు నేడు మూడు పూటలా వరి అన్నం తిని, సాయంకాలం మిర్చి బజ్జీ తిని, కొవ్వు కరుగుటకు కొరియరు క్యాప్సూలు మ్రింగుతున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు ముప్పై మంది అధిక బరువు ఉన్నవారని తేలినది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. జొన్నలలో బియ్యం కంటె శక్తి చాలా తక్కువని కొందరు భావించి ఆరు రొట్టెలు తింటారు. తూకానికి తూకం చూస్తే రెండింటిలోని కేలరీలు దాదాపు సమానమే. రొట్టెలోని పీచు వల్ల, నమిలి తినుట వల్ల తొందరగా తృప్తి కలుగుతుంది, అదే దాని గుణం.

నిమ్మకాయ సంగతి చెప్పక తప్పదు. నిమ్మ తోటలు, నిమ్మ మార్కెట్టు ఉన్న ఊరి నుండి ఉత్తరం వచ్చినప్పుడు మరీ తప్పదు. పరగడుపున వేడినీటిలో నిమ్మరసం, తేనె త్రాగితే కొవ్వు కరుగుతుందన్న నమ్మకం ఇంటింటా ఉన్నది. నిమ్మరసంలో సి విటమిన్ ఉన్నది, కొవ్వును కరిగించే శక్తి లేదు. చక్కెర వేసిన టీకి బదులుగా త్రాగినప్పుడు ఆ మేరకు లాభం. చరకుడు కూడా స్థూలులకు భోజనానంతరం తేనె నీటిని చెప్పినాడు కాని, తేనెను వేడి చేయరాదని ఆయుర్వేద నియమం. కావున నీరు గోరువెచ్చగా మాత్రమే ఉండాలి, తేనె ఒక చిన్న చెంచాకు మించరాదు. పులితేనుపులు, కడుపులో మంట ఉన్నవారు దీని జోలికి పోరాదు. పండ్లు పులిసేవారు త్రాగిన వెంటనే నీటితో పుక్కిలించాలి.

మూలికలన్నీ నిరపాయమని కూడా అనుకోరాదు. కేరళవారు చేపల పులుసులో వేసే కుడంపులి నుండి తీసిన సారం క్యాప్సూళ్ళుగా విపరీతంగా అమ్ముడుపోయినది. 1998లో 135 మందిపై 12 వారాలు జరిపిన పరీక్షలో దానికీ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు. పైగా కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలు తరువాత వెలువడినవి. సునాముఖి కలిపిన పొడులు రోజూ విరేచనం చేయించి తూకం తగ్గిస్తాయి, పోయేది నీరే. దానితోపాటు పొటాషియం పోయి నీరసం, గుండె లయ తప్పుట కలుగవచ్చును. మేదోహర గుగ్గులు శాస్త్రీయమైన యోగమే. అయినా గర్భిణులు, థైరాయిడ్ మందు వాడేవారు, రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు వైద్యుని అడుగకుండా సేవించరాదు.

ఇక మన అమ్మాయి విషయం. ఆమె బి.ఎం.ఐ. 27.5. మన దేశీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తారు. కనుక ఆమె కొంత తగ్గుట మంచిదే, ఎవరో అన్న మాటకు మాత్రం కాదు. ముందుగా థైరాయిడ్, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించాలి. బహిష్టు క్రమం తప్పుతున్నచో స్త్రీ వైద్యురాలికి చూపాలి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో వారానికి అరకిలో తగ్గుట సురక్షితమనీ, రోజుకు 1000 కేలరీలకు తక్కువ కాకుండా తినాలనీ, బరువు తగ్గించే మందులు ప్రమాదకరం కావచ్చుననీ పేర్కొన్నది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలున్నవి. వారానికి అరకిలో తగ్గుటకు రోజుకు 550 కేలరీలు తగ్గవలెను. కొంత తిండిలో, కొంత నడకలో సర్దుకొనవచ్చును. ఎనిమిది వారాలకు నాలుగు కిలోలు. క్యాప్సూళ్ళతో తగ్గినదానిలో కొంత నీరే కనుక, అవి ఆపగానే ఒకటి రెండు కిలోలు పెరిగినా భయపడరాదు.

ఉదయం చక్కెర లేని పలుచని మజ్జిగతో జొన్న అంబలి లేక రెండు పెసరట్లు. మధ్యాహ్నం కంచంలో సగం కూర, పావు వంతు అన్నం, మిగిలిన పావులో పప్పు లేక ఉలవకట్టు. మాంసాహారులైతే పులుసు పెట్టిన చేప మంచిది. రాత్రి ఏడున్నరకు ముందే రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర, పడుకొనే ముందు మూడు గ్రాముల త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో. నెలకు అరలీటరుకు మించి నూనె ఆమె వంతుకు వాడరాదు. బత్తాయి రసం తీయక తొనలే తినాలి. తెల్లవారుజామున నలభై నిమిషాలు వేగంగా నడవాలి, గుండెదడ పూర్తిగా తగ్గి డాక్టరు సరేనన్న తరువాతనే. స్నానానికి ముందు ఉలవపిండితో ఒళ్ళంతా క్రింది నుండి పైకి రుద్దుకొనుట ఉద్వర్తనమనే శాస్త్రోక్త విధి. దానివలన కొవ్వు కరుగునని మేము చెప్పము, ఒంటి బరువుతనం తగ్గి నిద్ర పడుతుంది, ఆ అమ్మాయికి ఇప్పుడు కావలసినది నిద్రయే.

తూకం రోజూ చూడవద్దు. ఆదివారం ఉదయం పరగడుపున ఒక్కసారి చూచి, బొడ్డు వద్ద దారంతో నడుము కొలత కూడా తీసి వ్రాసి ఉంచండి. స్త్రీలకు 80 సెంటీమీటర్లలోపు ఉండుట మంచిది. నెల తరువాత ఆ అంకెలను, డాక్టరు చెప్పిన రక్తపోటును మాకు వ్రాసి పంపవలసినదిగా ఆ సోదరిని కోరుతున్నాము.